పొగపెట్టె – దాని జబ్బులు

పొగ యనగానే మన యిండ్లలోని పెద్దవారికి ముందు కన్నీరు జ్ఞాపకము వచ్చును. గొట్టముతో పొయ్యి నూదుచు, కొంగుతో కన్నులొత్తుకొనుచు వంటచేసిన తల్లుల బిడ్డలము మనము. ఆ పొగను వంటయింటినుండి వెడలగొట్టుటకు ఉమ్మడి రాష్ట్రములో 1999 లో దీపము పథకమును, దేశమంతట 2016 లో ఉజ్జ్వల పథకమును పుట్టినవి. ఇంత శ్రమపడి వెడలగొట్టిన పొగను వెలయిచ్చి కొన్న లోహపు పెట్టెలో బంధించి మరల పెరటిలోనికి తెచ్చుకొనుట మా యింటి ముసలమ్మకు వింతగా తోచినది. "మీకు పొగయే కావలసియుండిన యెడల మా కాలమున నేల పుట్టరైతిరి?" అని యామె యడిగినది. ఆ ప్రశ్నకు నాయొద్ద మంచి యుత్తరము లేదు. కాని యీ పెట్టెలిప్పుడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల యిండ్లలో నక్కడక్కడ కనబడుచున్నవి. అమెరికాలో నున్న కొడుకో, దుబాయినుండి సెలవుపై వచ్చిన తమ్ముడో తెచ్చును. నాలుగు నాళ్లు పనిచేయును, ఐదవనాడు మూలబడును. అట్లు మూలబడుటకు గల కారణములును, వానిలో ప్రాణాపాయకరములైనవేవో, కేవలము విసుగు పుట్టించునవేవో చెప్పుటకై యీ వ్యాసము వ్రాయుచున్నాను.

పొగతో నాహారమును నిలువచేయుట మనకు క్రొత్త గాదు. విత్తనమునకై యుంచిన మక్కజొన్న కంకులను పొయ్యిపైని దూలమునకు వ్రేలాడగట్టుట మన పల్లెలలో పెద్దలు చూచినదే. పొగ తగిలిన గింజకు పురుగు పట్టదు. మాంసమును సన్నని తునకలుగా కోసి దారమునకు గ్రుచ్చి యెండబెట్టుట మన తెలంగాణమున నేటికిని కలదు. లక్షద్వీపములలోని మినికాయి వాసులు సూర చేపను ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి మాస్‌మిన్ అను పేర నిలువచేయుదురు. అది కొయ్యముక్కవలె గట్టిపడి నెలల తరబడి చెడకుండును. పొగపట్టుటను అదృష్టమునకు వదలక కొలతకు లోబరచిన యంత్రము 1939 లో స్కాట్లండు దేశమున, అబర్డీను పట్టణములోని టోరీ పరిశోధనశాలలో తయారైనది. గాలిపంకాతో పొగను సమముగా ప్రసరింపజేసి, వేడిని నియమించుట దాని విశేషము. నేడు మన పెరటిలో నిలిచిన చిన్నపెట్టె యా పెద్దయంత్రమునకు దూరపు చుట్టము.

పెట్టె నిర్మాణము సులభము. చిన్న బీరువావంటి లోహపు పెట్టె. అడుగున విద్యుత్తుచే వేడెక్కు కాయిలు. దానిపై చెక్కపేళ్లు వేయుటకొక పళ్లెము. ఆ పైన నీటిపాత్ర. నీటిపాత్రపైన జాలీ యరలు. కప్పునందు పొగ వెడలుటకు మూతగల రంధ్రము. తలుపుచుట్టు పొగ జారకుండ నొక పట్టీ యుండును. లోపలి వేడిని కనిపెట్టి కాయిలునకు విద్యుత్తును ఇచ్చుచు, ఆపుచు నుండు థర్మోస్టాటు ప్రక్కన నుండును. ఇంతే. నిప్పు లేదు, మంట లేదు. పేళ్లు మండరాదు, కమలవలెను. ఈ యొక్క సంగతి మరచుటచేతనే సగము జబ్బులు పుట్టుచున్నవి.

మొదట విద్యుత్తును గూర్చి చెప్పెదను. ఇది మా యింట జరిగిన కథ. మా మేనల్లుడు అమెరికానుండి తెచ్చిన పెట్టెకు రెండు పలుచని రేకులును నొక గుండ్రని పుల్లయు గల ప్లగ్గు ఉండెను. మన గోడకు అది పట్టదు. బజారున దొరకు చిన్న అడాప్టరును తెచ్చి తగిలించితిమి. మీట వేసిన నిమిషములోపల కాయిలు ఎర్రనై, పిమ్మట తెల్లనై, టప్పుమని తెగినది. పెట్టెవెనుక చీటిపై "120 వోల్టులు, 800 వాట్లు" అని వ్రాసియున్నది. చదివినవారు లేరు. అడాప్టరు ప్లగ్గు ఆకారమును మార్చునేగాని వోల్టేజిని మార్చదు.

పదవతరగతి విద్యార్థులారా, మీరు నేర్చిన ఓము సూత్రము నిచ్చట ప్రయోగించి చూడుడు. 120 వోల్టులపై 800 వాట్ల కాయిలుయొక్క నిరోధము 18 ఓములు. దానికే 230 వోల్టులిచ్చినచో 12.8 ఆంపియర్ల ప్రవాహము పారును. శక్తి వోల్టేజి వర్గమును బట్టి పెరుగును గనుక 800 వాట్లు ఇంచుమించు 2,940 వాట్లగును. రెట్టింపుకంటె తక్కువ వోల్టేజికి మూడున్నర రెట్లకు మించిన వేడి! కాయిలు తెగుట మా యదృష్టము. తెగకయున్న యెడల పెట్టెలోని క్రొవ్వు అంటుకొనియుండును.

కావున విదేశమునుండి వచ్చిన యే పరికరమునైనను గోడకు తగిలించుటకు పూర్వము దాని వెనుకటి చీటిని చదువుడు. "220–240" అని యున్నచో భయములేదు. గల్ఫు దేశములలో పెక్కింటినుండి వచ్చునవి యిట్టివే. వాని ప్లగ్గునకు మూడు చదరపు పుల్లలుండును, లోపల చిన్న ఫ్యూజు ఉండును. కాని సౌదీ అరేబియాలో పూర్వము ఇండ్లకు 127 వోల్టులిచ్చెడివారు. అక్కడినుండి వచ్చిన పాత సామానులను అనుమానముతో చూడవలయును. 120 వోల్టుల పెట్టెను వాడదలచినచో వోల్టేజిని తగ్గించు ట్రాన్స్‌ఫార్మరు కావలెను. 800 వాట్లకు 1,500 వాట్ల తరగతిది తీసికొనుట మేలు. అది బరువైనది, వెలగలది. మేము ఆ దారి పోక, సిరిసిల్లలో హీటర్లు బాగుచేయు నొక కార్మికునిచేత 230 వోల్టులకు తగిన 800 వాట్ల కాయిలు వేయించితిమి. దానితో పాటు థర్మోస్టాటును, తీగలను గూడ మన వోల్టేజికి తగినవి మార్పించితిమి. ఎర్తు తీగ పెట్టె లోహమునకు గట్టిగా బిగించియున్నదో లేదో మాయెదుట చూపుమని యడిగి చూచితిమి. మీరును అడుగుడు.

ఇక వోల్టేజి ఎక్కువైనచో గలుగు కష్టమట్లుండగా, తక్కువైనచో గలుగు కష్టము మరియొకటి. ఇది మెల్లగా హానిచేయునది గనుక నాకిదియే భయంకరముగా తోచును. 230 వోల్టులకు 800 వాట్లిచ్చు కాయిలు 180 వోల్టులపై 490 వాట్లే యిచ్చును. 160 కి దిగినచో 390 వాట్లు గూడ రావు. తీగ సన్ననిదై, స్తంభమునుండి యిల్లు దూరమై, చుట్టుప్రక్కల మోటార్లన్నియు నొక్కసారి తిరుగువేళ నిట్టి తగ్గుదల కలుగును. సిరిసిల్లలో మరమగ్గమునొద్ద పుట్టి పెరిగినవారు మోటారు మూలుగు విని వోల్టేజిని చెప్పగలరు. తక్కినవారు వంద రెండువందల రూపాయలతో చిన్న వోల్టుమీటరును కొని గోడకు తగిలించుకొనిన చాలును. ప్రసంగవశమున నొక మాట: సిరిసిల్ల ప్రాంతమునకు విద్యుత్తును పంచునది వినియోగదారులే సభ్యులుగా గల సహకార సంఘము. 1970 నుండి యది పనిచేయుచున్నది. దేశమున నిట్టివి మిక్కిలి యరుదు. సాంఘికశాస్త్రము చదువు పిల్లలు సహకారమునకు దృష్టాంతము వెదకుటకు డెన్మార్కు దాక పోనక్కరలేదు.

పెట్టె చల్లగా నుండుటచే ప్రాణమునకేమి భయమని యడుగుదురేమో. ఆహారమునందలి సూక్ష్మజీవులు 5 డిగ్రీలకును 60 డిగ్రీలకును నడుమ త్వరత్వరగా వృద్ధిపొందును. సరియైన వేడిలో చేప గంట రెండు గంటలలో నీ సీమను దాటిపోవును. 490 వాట్ల పెట్టెలో నది నాలుగైదు గంటలు గోరువెచ్చగా నుండి, పొగ రంగు మాత్రము చక్కగా పట్టి, చూచుటకు ముచ్చటగా నుండును. లోపలమాత్రము విషబీజము మొలకెత్తియుండును. పొగరంగు ఉడుకుటకు గుర్తు కాదు. పొగ పైపైని సూక్ష్మజీవులను కొంత చంపునేగాని మాంసము లోపలికి పోజాలదు. 1963 లో అమెరికాలోని పెద్దసరస్సుల చేపలను పొగబెట్టి, గాలిచొరని సంచులలో మూసి యమ్మగా, వానిని తిన్నవారు బొట్యులిజము అను విషదోషముచే మరణించిరి. ఆ విషమును పుట్టించు జీవి గాలి లేనిచోటనే పెరుగును. ఆ చేపలకు వాసనయందుగాని రుచియందుగాని దోషము తెలియకపోవచ్చును.

కావున పెట్టెమీది సంఖ్యను నమ్మక, మాంసములో గ్రుచ్చి చూచు ఉష్ణమాపకమును నమ్ముడు. చేప ముక్క మధ్యభాగము 63 డిగ్రీలకు చేరి, ఆ వేడిలో అరగంట నిలువవలెను. కోడిమాంసము 74 డిగ్రీలకు చేరవలెను. ఆహారము నాలుగు గంటలలో 60 డిగ్రీలు దాటనియెడల దానిని తినవలదు. పెట్టె వేడెక్కుట లేదని సగములో గ్రహించిన గృహిణి, ఆ ముక్కలను వెంటనే పొయ్యిమీదికి మార్చి కూరచేయుట తెలివిగల పని. పొగవాసనగల చేపకూర చెడ్డది గాదు.

ఉష్ణమాపకమే తప్పు చెప్పునేమో యని పరీక్షించుటెట్లు? మంచుముక్కలు నిండిన నీటిలో ముంచినచో సున్న చూపవలెను. మరుగు నీటిలో మన యూళ్లలో 99 డిగ్రీలకు దరిదాపుగా చూపవలెను. సముద్రమట్టముపై కొంత యెత్తుననున్నాము గనుక నిండు నూరు చూపదు. పిల్లలిది మన బడి ప్రయోగశాలలో చేసి చూడవచ్చును. పెట్టెలోపలి కొలికి పుల్లకు మసి యంటిన యెడల నది వేడిని ఆలస్యముగా కనిపెట్టును. నెలకొకసారి సబ్బునీటి గుడ్డతో తుడిచిన చాలును.

ఇక మన ప్రాంతమునకే ప్రత్యేకమైన జబ్బొకటి కలదు. పెట్టెతో వచ్చు పుస్తకములలో నిది కానరాదు. పుస్తకము వ్రాయువారు చలిదేశమువారు. పెట్టె వేడెక్కకుండుటయే వారి చింత. మనకు వైశాఖమాసమున వేరు చింత. జగిత్యాల ప్రాంతమున వేసవి వేడి 45 డిగ్రీలు దాటుట కద్దు. అట్టి మధ్యాహ్నము ఎండలో నిలిచిన పెట్టె మీట వేయకమునుపే యేబది డిగ్రీలుండును. మీట వేసిన కొద్ది నిమిషములకే నియమించిన వేడి చేరుటచే థర్మోస్టాటు కాయిలును ఆపివేయును. కాయిలు ఆగినచో పేళ్లు కమలవు, పొగ రాదు! పెట్టె చెడినదని మేము మరమ్మతువానిని పిలిపించితిమి. ఆయన వచ్చునప్పటికి ప్రొద్దు గ్రుంకినది, పెట్టె చల్లబడినది, మీట వేయగానే పొగ వచ్చినది. ఆయన మావంక చూచిన చూపు నేటికిని మరపురాదు. మూడవసారి గాని యీ రహస్యము మాకు బోధపడలేదు.

దీనికి మందు: వేసవియందు తెల్లవారుజామున పని మొదలిడుడు. పెట్టెను నీడన నుంచుడు. పేళ్లను ముందుగా పళ్లెములో వేసి, చల్లని పెట్టెలోనే మీట వేయుడు. అప్పుడు కాయిలు చాలసేపు ఆగక వెలుగును, ఆలోపల పేళ్లు కమలుట మొదలిడును. కప్పు రంధ్రమును సగముకంటె నెక్కువ తెరచియుంచినచో వేడి వెడలి కాయిలు మరల మరల వెలుగును. నీటిపాత్రలో చల్లని నీరు పోసినచో అదియు వేడిని త్రాగి సహాయపడును. పేళ్లు వ్రేలి గోరంత చిన్నవై, బాగుగ నెండినవై యుండవలెను. పేళ్లను నానబెట్టవలెనని కొందరందురు. నా యనుభవమున నది ఆవిరిని పుట్టించుటకే గాని పొగకు గాదు. తెల్లని దట్టపు ఆవిరిని చూచి పొగ యని మురియుటయే దాని ఫలము.

చల్లని పొగ, అనగా 30 డిగ్రీలకు లోబడిన వేడిలో చేపను ఉడికింపకయే పొగబెట్టుట, ఐరోపాలో గొప్పగా నెంచబడును. మన వేసవిలో గాలియే ముప్పదికి మించియుండ నది యెట్లు కుదురును? శీతకాలమున గూడ నింటియందు దాని జోలికి పోవలదనియే నా యభిప్రాయము. ఉడకని చేపను గంటల తరబడి వెచ్చగా నుంచుట మనవంటివారు చేయదగిన పని గాదు.

పేళ్లను గూర్చి నాలుగు మాటలు. జగిత్యాల మామిడితోటలకు పేరుపడిన చోటు. కాపు ముగిసిన పిదప కొమ్మలు కత్తిరించునప్పుడు కావలసినంత మామిడికట్టె దొరకును. దానిని నాలుగైదు నెలలు నీడన నారబెట్టి ముక్కలు చేసినచో అంతకుమించిన పేడు లేదు. జామకట్టెయు మంచిదే. మక్కజొన్న గింజ లొలిచిన బెండ్లను అమెరికాలోని కొన్ని సీమలవారు పందిమాంసమునకు పొగబెట్టుటలో వాడుదురు. కోరుట్ల చుట్టుప్రక్కల నవి కుప్పలుగా పడియుండును గదా! బూజు పట్టనివానిని ఏరి తీసికొనవలెను. వేపకట్టె చేదు. గన్నేరు విషము, దాని దరికి పోరాదు. రంపపుమిల్లులో దొరకు పొట్టునందు ప్లైవుడ్డు జిగురు కలిసియుండును గనుక అది తగదు. రంగువేసిన తలుపుచెక్క, సామాను పెట్టెల చెక్క తగవు. సిరిసిల్లవారికి వేరుగా నొక హెచ్చరిక: పాత మగ్గపు కట్టె ఎంత గట్టిదైనను యేండ్ల తరబడి యంత్రపు నూనె త్రాగినది, దానిని పొగపెట్టెలో వేయరాదు.

మంచి పొగ యెట్లుండునని యడిగినచో, కంటికి కనబడీ కనబడనట్లు పలుచగా, నీలివన్నెతో నుండును. దట్టమైన తెల్లపొగ పేళ్లు పచ్చివైనప్పుడో, పెట్టెలో గాలి చాలనప్పుడో వచ్చును. అది చల్లబడి గోడలపై నల్లని తారుగా పేరుకొని, ఆ తారు చేపపై చినుకును. అట్టి చేప తినిన నాలుక మొద్దుబారినట్లు చేదుగా నుండును. కప్పు రంధ్రమును పూర్తిగా మూసి పొగను "ఆదా" చేయువారు మనలో పెక్కండ్రు. ఆదాయగుట లేదు, తారగుచున్నది. పేళ్లు కమలక మంటగా మండిన యెడల వేరొక దోషము కలదు. మంటయొక్క మిక్కుటమైన వేడిలో బెంజోపైరీను మొదలగు, పుట్టకురుపునకు కారణమగు పదార్థములు హెచ్చుగా జనించును. ఐరోపా సమాఖ్యవారు పొగబెట్టిన మాంసమునందు కిలోకు 2 మైక్రోగ్రాములకు మించి బెంజోపైరీను ఉండరాదని 2014 సెప్టెంబరునుండి నియమించిరి. కావున పొగబెట్టిన యాహారము పండుగనాటి వస్తువుగా నుండుట మంచిది, దినదినము తినదగినది గాదు.

వానకాలమున వచ్చు జబ్బు మరియొకటి. రెండు నెలలు మూలనున్న పెట్టెను తీసి మీట వేయగానే ఇంటిలోని దీపములన్నియు ఆరిపోవును. ఎర్తు దోషమును కనిపెట్టి విద్యుత్తును తెగగొట్టు ట్రిప్పరు పడిపోవును. దానికి కారణమిది. కాయిలు లోపల నిక్రోము తీగ యుండును. 1906 లో ఆల్బర్టు మార్షు అను నమెరికా దేశీయుడు దీనికి పేటెంటు పొందెను. ఆ తీగకును బయటి లోహపు గొట్టమునకును నడుమ మెగ్నీషియం ఆక్సైడు అను తెల్లని పొడి కూరబడియుండును. ఆ పొడి వేడిని పోనిచ్చును, విద్యుత్తును పోనీయదు. కాని గొట్టపు కొనలయందలి మూత బీటలువారినచో నది గాలిలోని తేమను పీల్చుకొనును. తడిసిన పొడి విద్యుత్తును కొంత కొంతగా లోహమునకు జారనిచ్చును. 30 మిల్లీ ఆంపియర్లు జారినంతనే ట్రిప్పరు పడును. మా మరమ్మతువాడు కాయిలు విప్పి మెగ్గరుతో కొలిచి, దానిని కొన్ని గంటలు భట్టీలో 120 డిగ్రీల వేడిలో నారబెట్టి, కొనలకు మరల మూతవేసి బిగించెను. ఆ పిదప ట్రిప్పరు పడలేదు.

ఇట్టి సమయమున కొందరు చేయు పని చెప్పుటకు చేయి వణకుచున్నది. ప్లగ్గులోని ఎర్తు పుల్లను విరిచివేయుదురు, లేదా ట్రిప్పరును దాటించి తీగ కలుపుదురు. దీపములారవు, పెట్టె పనిచేయును, సమస్య తీరినట్లే తోచును. కాని పెట్టె లోహమంతయు విద్యుత్తుతో నిండి, తడినేలపై వట్టికాళ్లతో నిలిచి తలుపు తెరచు బిడ్డకై యెదురుచూచుచుండును. తల్లిదండ్రులారా, ట్రిప్పరు పడినచో నది మన ప్రాణము కాచినదని యెంచుడు. ఇంట ట్రిప్పరే లేనివారు ముందు దానిని పెట్టించి, పిదప పొగపెట్టె సంగతి యాలోచింపవచ్చును. పొడవు తీగయు సన్ననిది పనికిరాదు. ముట్టిచూచినచో వేడిగా నున్న తీగను వెంటనే తీసివేయవలెను.

పెట్టెను ఇంటిలోపల, వరండా మూలన, కారు షెడ్డులో పెట్టరాదు. కమలుచున్న పేళ్లనుండి కార్బన్ మోనాక్సైడు వెడలును. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తురులోని హీమోగ్లోబినును ఆమ్లజనికంటె రెండువందల రెట్లకు మించిన బలముతో నది పట్టుకొనును. తలనొప్పి, నిద్రమత్తు, అంతట మరణము. వాన పడుచున్నదని యొకనాడు మేమును పెట్టెను వసారాలోనికి లాగితిమి. అరగంటలో మా చిన్నది తలనొప్పి యనగా, మా పెద్దవాడు తలుపులన్నియు తెరచి మమ్మునందరిని వానలోనికి నెట్టెను. వాని యెనిమిదవతరగతి పుస్తకము ఆ దినము మాకు చేసిన మేలు నేను మరువను. వాన వచ్చినచో పని మానవలెను, లేదా పెరటిలో నాలుగు కంబములపై రేకు వేసికొనవలెను.

క్రొవ్వు పళ్లెము నిండి పొంగినచో కాయిలుపై బడి అంటుకొనును. అప్పుడు తలుపు తెరువకుడు; గాలి తగిలిన మంట పెరుగును. నీరు పోయకుడు. గోడయొద్ద మీట ఆపి, ప్లగ్గు తీసి, రంధ్రము మూయుడు. గాలి లేక అదియే యారిపోవును. ప్రతిసారి పని ముగిసిన వెంటనే పళ్లెము కడిగినచో నీ గొడవయే రాదు. అరలకు అడుగున అల్యూమినియము కాగితము పరచువారు దానిని అరయంతట పరచరాదు. వేడియు పొగయు పైకి పోవు దారి మూసికొనిపోవును.

తలుపు పట్టీ బాగున్నదో లేదో తెలియుటకు చిన్న యుపాయము కలదు. కాగితపు చీటిని నడుమ నుంచి తలుపు మూసి లాగి చూడుడు. సులువుగా వచ్చినచోట పట్టీ పలుచబడినదన్నమాట. నాలుగు ప్రక్కల నిట్లే చూడవలెను. లోపలిగోడలపై పేరుకొనిన తారును కొయ్యగరిటెతో గీరి, వెచ్చని సబ్బునీటితో తుడువవలెను. కాయిలుపైనగాని తీగలపైనగాని నీరు చల్లరాదు. జాలీలు మాత్రము ప్రతిసారి కడుగవలెను.

ఇంతవరకు పెట్టె సంగతి. లోపల బెట్టు చేప సంగతి కొంచెము చెప్పి విరమించెదను. ఎగువ మానేరు, మధ్య మానేరు జలాశయముల చేపయు, కాకతీయకాలువ నీటితో నిండు చెరువుల చేపయు మనకు కొదవలేదు. బొచ్చె, రవ్వ ముక్కలు పొగకు చక్కగా నొప్పును. క్రొవ్వుగల చేపయే పొగను బాగుగ పట్టును. కొర్రమీను, అనగా మనవారి కొర్రమట్ట, రాష్ట్రపు చేప యని గౌరవము పొందినదే గాని క్రొవ్వు తక్కువ గనుక పెట్టెలో త్వరగా నెండిపోవును. దానిని పులుసునకే వదలుట మేలని మా యింటి తీర్పు. లీటరు నీటికి 100 గ్రాముల ఉప్పు కలిపి, ముక్కలను గంటసేపు చల్లని పెట్టెలో నానబెట్టవలెను. పిమ్మట తుడిచి, ఫ్రిజ్జులోనే మూతలేక జాలీపై నుంచినచో పైని మెరుపుగల పలుచని పొర యేర్పడును. ఆ పొరకే పొగ యంటును. తడిముక్కకు పొగ యంటదు. చారలుచారలుగా మసి దిగును. పొగ పట్టలేదని పెట్టెను తిట్టువారిలో సగముమంది తడిముక్కలు పెట్టినవారే.

తయారైన చేపను చల్లార్చి, ఫ్రిజ్జులో నాలుగు డిగ్రీలకు లోబడి యుంచి, మూడు నాలుగు దినములలో తినవలెను. మనది ఎండుచేప గాదు. ఉట్టిపై నుంచినచో నిలువదు. గాలిచొరని సంచిలో మూసి బంధువులకు బస్సులో పంపవలదు. కారణము పైన వ్రాసియున్నాను.

పని లేని నెలలలో పెట్టెను కడిగి, ఆరబెట్టి, తలుపును రెండు వ్రేళ్ల సందు తెరచియుంచి, పైని గుడ్డ కప్పుడు. గట్టిగా మూసినచో లోపల బూజు పట్టును. తీగను చుట్టి ఎత్తున వ్రేలాడగట్టుడు. చేపవాసనకు వచ్చిన యెలుక ముందుగా కొరుకునది తీగనే. మొన్న దసరా సెలవులకు మేము పెట్టెను తీసినప్పుడు తీగను ముగ్గురము మూడుసార్లు చేతితో తడిమి చూచితిమి. ఒకచోట నాలుగు పండ్ల గుర్తులుండెను. క్రొత్త తీగ వేయించి, మరునాడు తెల్లవారుజామున బొచ్చె ముక్కలు పెట్టితిమి. మా ముసలమ్మ వాకిట కూర్చుండి, పొగ నీలిగా వచ్చుచున్నదా లేదా యని నన్ను మూడుసార్లు అడిగినది.